ఉప్పునీటి ట్యాంకులో నాచు: 'సున్నా' సలహాను దయచేసి సవరించండి

సంపాదకులకు నమస్కారం.

ఇంట్లో ఉప్పునీటి అక్వేరియం పెట్టుకోవడం గురించి మీ ఆదివారం అనుబంధంలో వచ్చిన వ్యాసం రెండుసార్లు చదివాను. చేపల ఎంపిక, నీళ్లలోని మురికిని నురగగా లాగేసే స్కిమ్మర్ పనితీరు, ఉప్పు కలిపే పద్ధతి అన్నీ బాగానే రాశారు. నాచు దగ్గరికొచ్చేసరికి మాత్రం గుండె ఝల్లుమంది. నాచుకు ఆహారమైన నైట్రేట్, ఫాస్ఫేట్ రెండింటినీ సున్నాకు దించేయమనీ, అయినా పోకపోతే సీసాలో దొరికే నాచు మందు పోయమనీ ఆ పేరా సారాంశం. సరిగ్గా ఇదే సలహా విని నాలుగేళ్ల కిందట నేను నా ట్యాంకులో సగానికి పైగా ప్రాణాలను పోగొట్టుకున్నాను. అందుకే ఉత్తరం పొడుగైనా సరే మొత్తం రాస్తున్నాను, వీలైతే కత్తిరించకుండా వేయండి.

అప్పటికి నా ట్యాంకు పెట్టి తొమ్మిది నెలలు, 300 లీటర్లది. రాళ్ల మీద పచ్చటి వెంట్రుకల నాచు, హెయిర్ ఆల్గే అంటారు, వేలెడు పొడుగున పెరిగి పంపు ఎటు తోస్తే అటు ఊగుతూ ఉండేది. చూడ్డానికి వచ్చినవాళ్లు భలే అందంగా ఉందనేవాళ్లు, నాకేమో దాని కింద పగడాలు వెలుతురు అందక ముడుచుకుపోతున్నాయని టెన్షన్. తెలిసినవాళ్లు చెప్పారు కదాని ఫాస్ఫేట్‌ను పట్టేసే ఐరన్ ఆక్సైడ్ గుళికలు, అదే జీఎఫ్ఓ, వేయాల్సిన దానికి రెట్టింపు వేశాను. దాంతోపాటు నైట్రేట్‌ను తినే బ్యాక్టీరియా పెరగాలని రోజూ కొలిచి వెనిగర్ పోయడం మొదలుపెట్టాను, చేపలకు మేత రోజు విడిచి రోజు చేశాను. మూడు వారాల్లో రెండు టెస్టులూ సున్నా. నాచు తెల్లబడి పీలికలు పీలికలుగా ఊడిపోయింది. ఆ తర్వాత పది రోజులు నా ఆనందానికి పట్టపగ్గాల్లేవు.

పదకొండో రోజు ఇసుక మీద లేత గోధుమ రంగు పొర కనబడింది. పొద్దున లైటు వెలిగేటప్పటికి ఇసుక తెల్లగానే ఉండేది, మధ్యాహ్నానికి మచ్చలు తేలేవి, సాయంత్రమయ్యేసరికి రాళ్ల కొసల నుంచి చీమిడి తీగల్లాంటివి వేలాడుతూ, తీగల చివర చిన్న చిన్న గాలి బుడగలు. లైటు ఆరితే మళ్లీ మాయం. పొద్దున్నే శుభ్రంగా ఉంటోంది కదా, తగ్గుతోందిలే అని వారం రోజులు ఊరుకున్నాను. ఆ తర్వాత ఒకరోజు చూస్తే, ఎప్పుడూ గాజుకు అతుక్కుని ఉండే టర్బో నత్త ఇసుక మీద వెల్లకిలా పడి ఉంది. తిప్పి పెట్టాను, కాలు బయటికి చాపలేక మళ్లీ ఒరిగిపోయింది. మర్నాటికి ఇంకో నాలుగు అలాగే. నీళ్లు పాడయ్యాయేమోనని గబగబా నీళ్లు మార్చాను, మార్చిన ప్రతిసారీ ఆ గోధుమ తీగలు ఇంకాస్త చిక్కబడ్డాయి.

అవి డైనోఫ్లాజెల్లేట్లు, విడిగా కంటికి ఆనని ఏకకణ జీవులు. వాడుకలో డైనోలు అంటారు. నీళ్లలో నైట్రేట్, ఫాస్ఫేట్ బొత్తిగా లేకుండా పోతే మామూలు నాచు, మంచి బ్యాక్టీరియా రెండూ పస్తులతో పడిపోతాయి, రాళ్ల మీద, ఇసుక మీద ఖాళీ అయిన ఆ జాగానంతా డైనోలు ఆక్రమిస్తాయి. అంత తక్కువ ఆహారంతో కూడా బతికేయడం వాటికి చేతనవును. వీటిలో ఆస్ట్రియాప్సిస్ అనే రకం విషాన్ని తయారుచేస్తుంది, దాన్ని తిన్న నత్తలు చచ్చిపోతాయి. కొండ నాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందంటారే, అచ్చం అదే జరిగింది నా ట్యాంకులో. పచ్చ నాచు మొండిదే, కాని దానివల్ల నా దగ్గర ఒక్క నత్త కూడా చావలేదు.

మళ్లీ కోలుకోవడానికి రెండు నెలలు పైనే పట్టింది. జీఎఫ్ఓ తీసేశాను, వెనిగర్ మానేశాను, చేపలకు రోజూ మేత పెట్టాను. నైట్రేట్ 5 పీపీఎం (అంటే పది లక్షల పాళ్లలో 5) దగ్గర, ఫాస్ఫేట్ 0.05 నుంచి 0.1 పీపీఎం మధ్య నిలబడే దాకా రోజూ టెస్టు చేస్తూ పోయాను. విషాన్ని పీల్చడానికి యాక్టివేటెడ్ కార్బన్, రాత్రిపూట నీళ్లలోకి తేలే డైనోలను చంపడానికి యూవీ లైటు పెట్టాను. ఇక్కడ ఒక మాట చెప్పాలి, యూవీ అన్ని డైనోల మీదా పనిచేయదు. ఆస్ట్రియాప్సిస్ లాంటివి రాత్రి నీళ్లలోకి లేస్తాయి కాబట్టి యూవీకి దొరుకుతాయి, ఆంఫిడీనియం అనేది ఇసుకను వదిలి పెద్దగా బయటికి రాదు, దాని ముందు యూవీ పెట్టినా దండగే. అందుకే పరికరాలు కొనేముందు ఒక చుక్క తీసి మైక్రోస్కోపు కింద చూడటం మేలు. పిల్లలు బడిలో వాడే మామూలు మైక్రోస్కోపు చాలు.

మీ వ్యాసంలో నాకు కనబడిన అసలు లోపం ఇదే, ట్యాంకులో పెరిగే ప్రతిదాన్నీ కలిపి నాచు అనేశారు. రోగమేదో తెలియకుండా మందు రాయడం లాంటిది అది. కొత్త ట్యాంకులో మొదటి నెలల్లో గాజు మీద, ఇసుక మీద పొడిలాగా పరుచుకునే గోధుమ రంగు పూత డయాటమ్స్. నీళ్లలో సిలికా ఉన్నంతవరకూ అవి ఉంటాయి, అది తగ్గగానే చాలాసార్లు వాటంతటవే పోతాయి, వేలితో రాస్తే ఊడొస్తాయి. దానికి ఎవరూ కంగారుపడక్కర్లేదు. ముదురు ఎరుపులో దుప్పటిలా కప్పేసి, కొస పట్టుకుని లాగితే చర్మం ఒలిచినట్టు పొరలు పొరలుగా వచ్చేది సైనో. అది నాచే కాదు, సైనోబ్యాక్టీరియా అనే బ్యాక్టీరియా. భూమి గాలిలోకి మొట్టమొదట ఆక్సిజన్ నింపింది వీటి పూర్వీకులే, దాదాపు 240 కోట్ల ఏళ్ల కిందట. అంత పాతకాలపు ప్రాణి ఒక గాజు పెట్టెలో రెండు రోజుల్లో లొంగిపోతుందని అనుకోకూడదు. నీటి కదలిక సరిగా లేని మూలల్లో, మేత అడుక్కి చేరి కుళ్లే చోట అది ఎక్కువ పడుతుంది, కాబట్టి ముందు ఆ పొరను పైపుతో పీల్చేసి, పంపు ముఖం అటు తిప్పి చూడాలి. ఈకలాగా రెండు పక్కలా చీలి ఉండేది బ్రయాప్సిస్, ముదురు పచ్చ గాజు పూసల్లాంటివి వలోనియా, అదే బబుల్ ఆల్గే. ఆ ఒక్కో పూసా ఒక్కటే కణం అంటే నాకు ఇప్పటికీ ఆశ్చర్యంగానే ఉంటుంది. ఇక గులాబీ రంగులో, ఊదా రంగులో రాయికి సున్నం పూసినట్టు గట్టిగా అంటుకునే కొరలైన్ నాచు ఉందే, అది మనకు కావాల్సింది. దాన్ని కూడా మురికి అనుకుని గీకి పారేసిన మనిషిని చూశాను, ప్రాణం ఉసూరుమంది.

డైనోనా, డయాటమా, సైనోనా అని అనుమానం వస్తే ఇంట్లోనే ఒక చిన్న పరీక్ష చేయొచ్చు. ఆ గోధుమ తీగల్ని ట్యాంకు నీళ్లతో సహా ఒక చిన్న సీసాలోకి తీసుకుని, మూత పెట్టి నీళ్లు మసకబారే దాకా బాగా గిలకొట్టాలి. పలచటి కాగితం ఫిల్టరులో వడగడితే చూడ్డానికి తేటగా ఉన్న నీళ్లు కిందికి దిగుతాయి. వాటిని లైటు కింద గంటసేపు కదపకుండా ఉంచండి. ఆ తేట నీళ్లలో మళ్లీ తీగలు కట్టుకుంటే అవి డైనోలే. ఏ తీగా కట్టకపోతే సైనో గానీ డయాటమ్స్ గానీ అయ్యుండే అవకాశం ఎక్కువ. చేతులు మాత్రం తర్వాత శుభ్రంగా కడుక్కోండి.

ఇప్పుడు పచ్చ నాచు సంగతి. కిందటేడు పరిచయమున్న ఒక కుర్రాడు ఫోన్ చేశాడు. "అక్కా, రెండు టెస్టులూ సున్నాయే చూపిస్తున్నాయి, మరి ఇది ఏం తిని పెరుగుతోంది?" అని గొంతు నిండా విసుగు. "తమ్ముడూ, వచ్చింది వచ్చినట్టు అదే తినేస్తోంది, నీ కిట్‌కి మిగిలేదేముంది?" అన్నాను. ఈ మాట చాలామందికి అర్థం కాదు. టెస్ట్ కిట్ కొలిచేది నీళ్లలో మిగిలినదాన్ని మాత్రమే. రాళ్ల నిండా నాచు ఉండి టెస్టులో సున్నా వచ్చిందంటే, ఫాస్ఫేట్ ఎక్కడి నుంచో వస్తూనే ఉంది, నాచు దాన్ని ఎప్పటికప్పుడు ఖాళీ చేస్తూనే ఉంది. అలాంటి సున్నాను చూసి ఇంకో సీసా జీఎఫ్ఓ వేయకూడదు, అది ఎక్కడి నుంచి వస్తోందో వెతకాలి.

వెతకడం అంటే మేము చేసింది ఇది. మొదట నీళ్లు. ఆర్‌ఓ, దాని తర్వాత మిగిలిన లవణాలను కూడా పట్టేసే డీఐ రెసిన్ గుండా వచ్చిన నీళ్లే వాడుతున్నానన్నాడు. నీళ్లలో కరిగి ఉన్నవాటిని కొలిచే టీడీఎస్ మీటరు పెట్టి చూడమంటే 14 వచ్చింది. సున్నా ఉండాలి. రెసిన్ అయిపోయి ఎన్నాళ్లయిందో తనకే తెలియదు. ఆ రెసిన్ అయిపోతున్నప్పుడు మొదట జారిపోయేవాటిలో సిలికా ఒకటి, అంటే ఆవిరైపోయిన నీటికి బదులు అతను రోజూ పోస్తున్న నీళ్లలోనే డయాటమ్స్‌కు విందు ఉంది. కొళాయి నీళ్లు నేరుగా పోసేవాళ్లయితే నైట్రేట్, ఫాస్ఫేట్, ఒక్కోసారి రాగి కూడా కలిపి పోస్తున్నట్టే, ఆ రాగి నత్తలకు, రొయ్యలకు విషం. తర్వాత మేత. గడ్డకట్టించిన మేత క్యూబును అలాగే ట్యాంకులో వేసేవాడు. ఒక గిన్నెలో కరగనిచ్చి, జల్లెడలో పోసి ఆ రసం పారబోసి అప్పుడు వేయమన్నాను. దీనివల్ల తగ్గే ఫాస్ఫేట్ పెద్ద ఎక్కువేం కాదని వాదించేవాళ్లున్నారు, నిజమే కావచ్చు, కానీ చేప నోట్లోకి పోని రసాన్ని నీళ్లలో కలపడం ఎందుకు? అంతకంటే పెద్ద తప్పు మేత మోతాదు. రెండు నిమిషాల్లో చేపలు తినలేనిదంతా రాళ్ల వెనక్కి చేరుతోంది.

మూడోది రాళ్లు, అసలు చిక్కంతా ఇక్కడే. ట్యాంకులో పెట్టే రాళ్లు కాల్షియం కార్బొనేట్. నీళ్లలో ఫాస్ఫేట్ ఎక్కువగా ఉన్నప్పుడు అవి దాన్ని తమ పైపొరల్లోకి పట్టుకుంటాయి, నీళ్లలో తగ్గగానే మెల్లగా వదులుతాయి. కాబట్టి ఇవాళ మేత తగ్గించి, రేపు నీళ్లు మార్చి, ఎల్లుండికి నాచు పోవాలంటే పోదు. ఇన్నాళ్లూ రాయి దాచుకున్నదంతా బయటికి రావాలి, దానికి వారాలు, ఒక్కోసారి నెలలు పడుతుంది. ఈ సంగతి తెలియకనే జనం ఆరో రోజుకు ఓపిక నశించి మందు సీసా మూత తీస్తారు. జీఎఫ్ఓ వద్దని నేననడం లేదు. కొద్దికొద్దిగా వేసి, వారానికి రెండుసార్లు కొలుస్తూ దించుకుంటూ వస్తే అది మంచి సాధనమే. ఫాస్ఫేట్ ఒక్కసారిగా పడిపోతే నాచు కంటే ముందు దెబ్బతినేది పగడాలే.

అన్నిటికంటే ఎక్కువ పని చేసేది మనిషి చెయ్యి. ఆ కుర్రాడింటికి ఒక రోజు స్వయంగా వెళ్లాను. సన్నటి పైపు చివర ఒక టూత్ బ్రష్షును రబ్బరు బ్యాండ్లతో కట్టాం, బ్రష్షు కుంచె పైపు మూతికి అరంగుళం ముందుకు ఉండేలా. నాచును రుద్దుతుంటే ఊడిన పోగు ఊడినట్టే పైపులోకి పోతుంది, ట్యాంకులో తేలి ఇంకో రాయికి అంటుకునే అవకాశం ఉండదు. తీయడానికి వీలైన రాళ్లను బకెట్లో ట్యాంకు నీళ్లలోనే పెట్టి, వేళ్లతో కుదుళ్లు పట్టి పీకాం. మొదటి బకెట్ నీళ్లు పది నిమిషాల్లో ముదురు పచ్చగా అయిపోయాయి, అందులోంచి బొటనవేలంత పొడుగున్న పురుగులు రెండు, చిన్న చిన్న పీతలు బయటపడితే తీసి మళ్లీ ట్యాంకులో వేశాం. గంటన్నర పట్టింది. పిండి పక్కన పెట్టిన నాచు రెండు గుప్పిళ్లయింది. ఆ రెండు గుప్పిళ్లలో ఎన్ని రోజుల నైట్రేట్, ఫాస్ఫేట్ ఉందో ఆలోచించండి, అదంతా ఒక్క మధ్యాహ్నంలో ట్యాంకు బయటికి వచ్చేసింది. మందు పోసి చంపితే ఆ నాచంతా లోపలే కుళ్లి, తిన్నదంతా తిరిగి నీళ్లలోకే కక్కేస్తుంది. ఇదే సూత్రంతో కొందరు సంపులో, అంటే ట్యాంకుకు కలిపి ఉండే చిన్న తొట్టిలో, విడిగా ఒక లైటు పెట్టి కీటోమార్ఫా అనే గట్టి నాచును కావాలనే పెంచి, పెరిగింది పెరిగినట్టు కోసి పారేస్తుంటారు. అమెరికాలో స్మిత్‌సోనియన్ సంస్థలో వాల్టర్ ఏడీ అనే శాస్త్రవేత్త ఒక జాలీ మీద నాచును పెంచి గీకేస్తూ నీటిని శుద్ధి చేసే పద్ధతి తయారుచేశారు, ఇళ్లలో వాడే ఆల్గే స్క్రబ్బర్లకు మూలం అదే. నాచు ఎక్కడో ఒకచోట పెరగక తప్పనప్పుడు, మనం చెప్పిన చోట పెరగనివ్వడం తెలివైన పని.

ఆ తర్వాతే నత్తలు, చేపలు. వేలెడు పొడుగు పెరిగిన నాచును నత్తలు పెద్దగా ముట్టవు, మనం రుద్దేశాక వచ్చే మొలకల్ని గీకడమే వాటి పని. ట్రోకస్ నత్తలు వెల్లకిలా పడినా తమంతట తామే తిప్పుకోగలవు, ఆ ఒక్క కారణానికే నాకు అవి ఇష్టం. నసారియస్ నత్తలు ఇసుకలో దూరి మిగిలిన మేత తింటాయి, నాచు తినవు, అయినా నాచు కోసమని కొనేవాళ్లు చాలామంది. సీ హేర్ అనే మెత్తటి పెద్ద జీవిని తెచ్చి వేస్తే వెంట్రుకల నాచును కొద్ది రోజుల్లోనే నున్నగా చేసేస్తుంది, ఆ తర్వాత తినడానికేమీ లేక చచ్చిపోతుంది. అవసరం తీరాక దాన్ని ఇంకొకరి ట్యాంకుకు పంపే ఏర్పాటు ముందే చూసుకోలేకపోతే దాన్ని తేవద్దు, అది బతికున్న ప్రాణి. టాంగ్ చేపలదీ అదే సంగతి, నాచు బాగా తింటాయని చిన్న పెట్టెలో పెడితే గోడ నుంచి గోడకు తిరిగి తిరిగి జబ్బు పడతాయి.

మేసే జీవి విలువ ఎంతో తెలియాలంటే కరీబియన్ సముద్రంలో జరిగింది చూడాలి. అక్కడి పగడాల దిబ్బల మీద నల్లటి పొడుగాటి ముళ్లుండే, బంతిలాంటి డయాడెమా అనే సముద్రపు ఉర్చిన్లు నాచును మేస్తుండేవి. 1983 జనవరిలో పనామా దగ్గర వాటికి ఏదో జబ్బు మొదలై, ఏడాది తిరిగేసరికి ఆ సముద్రమంతటా నూటికి తొంభైకి పైగా చచ్చిపోయాయి. జమైకాలో అప్పటికే చేపల్ని విపరీతంగా పట్టేశారు, తుఫాను దెబ్బ కూడా తగిలింది, ఇక మేసేవేవీ మిగల్లేదు. 1970ల చివర్లో దిబ్బల మీద 50 శాతానికి పైగా జాగాను కప్పి ఉన్న పగడాలు 1990ల మొదటికి 3 శాతానికి పడిపోయాయి, వాటి చోట నాచు 90 శాతానికి పైగా కప్పేసింది. అంత సముద్రానికే ఆ గతి పట్టినప్పుడు 300 లీటర్ల పెట్టెలో మేసే జీవి లేకుండా, రుద్దే చెయ్యి లేకుండా ఎలా నడుస్తుంది?

లైటు గురించి మీరు రాసింది సరైనదే, రోజుకు ఎనిమిది తొమ్మిది గంటలు చాలు.

మందుల సంగతి కూడా చెప్పే తీరాలి. బ్రయాప్సిస్‌కు ఫ్లూకొనజోల్ పనిచేస్తుందని అక్వేరియంలవాళ్ల అనుభవం, అది మనుషులకిచ్చే ఫంగస్ మందు. సైనోకు వాడేది ఎరిత్రోమైసిన్, అది యాంటీబయాటిక్. ట్యాంకును నడిపించేదే బ్యాక్టీరియా అయినప్పుడు యాంటీబయాటిక్ పోయడం ఎంత పెద్ద నిర్ణయమో ఆలోచించుకోవాలి. పైగా ఒక్కసారిగా చచ్చిన సైనో కుళ్లేటప్పుడు నీళ్లలో ఆక్సిజన్ పడిపోతుంది, చేపలు పైకొచ్చి నోళ్లు తెరుస్తాయి. నీళ్లలోకి బుడగలు వదిలే గాలి రాయి పెట్టకుండా, పొరను ముందుగా పీల్చేయకుండా మందు పోయొద్దు. అన్నీ చేసి చూశాక, అదేమిటో ఖాయంగా తెలిశాక, చివరి మాటగా మందు. మీ వ్యాసంలో అది రెండో వాక్యంలోనే వచ్చేసింది.

ఇంకో విషయం వ్యాసంలో అసలు లేదు. పీకిన నాచును ఏం చేయాలి? కాల్వలో, చెరువులో, సముద్రంలో పారేయొద్దని పెద్ద అక్షరాల్లో వేయండి. అక్వేరియంలలో అందంగా పెంచుకునే కాలెర్పా టాక్సిఫోలియా అనే నాచు 1984లో మొనాకోలోని సముద్ర పరిశోధన మ్యూజియం పక్కన నీళ్లలో చాప పరిచినంత మేర కనబడింది, అక్కడి నుంచి మధ్యధరా సముద్రంలో వేల ఎకరాలు ఆక్రమించింది. 2000లో కాలిఫోర్నియాలో ఒక ఉప్పునీటి కయ్యలో బయటపడితే టార్పాలిన్లు కప్పి, వాటి కింద క్లోరిన్ ఎక్కించి చంపారు, పూర్తిగా పోయిందని 2006లో గానీ ప్రకటించలేకపోయారు. దాని చిన్న ముక్క చాలు, మళ్లీ మొక్కవుతుంది. అందుకే పీకిన నాచును ఎండలో పెళపెళలాడేలా ఎండబెట్టి గానీ, సంచిలో కట్టి ఒకట్రెండు రోజులు ఫ్రీజర్లో ఉంచి గానీ చెత్తలో వేయాలి. ట్యాంకు నీళ్లు కూడా సముద్రంలోకి, వానకాల్వలోకి పోకూడదు.

మీ వ్యాసం చూసి కొత్తగా ట్యాంకు పెట్టుకునేవాళ్లు తప్పకుండా ఉంటారు. వాళ్లకు మూడో నెలలోనో నాలుగో నెలలోనో రాళ్లు పచ్చబడతాయి, అప్పుడు దాచుకున్న పేజీ తీసి చూసుకుంటారు. ఆ పేజీలో సున్నా అని ఉండకూడదు. నైట్రేట్ 5 నుంచి 10 పీపీఎం దాకా, ఫాస్ఫేట్ 0.03 నుంచి 0.1 పీపీఎం దాకా ఉండొచ్చనీ, వాటిని నెమ్మదిగా దించాలనీ, మందుకు ముందు బ్రష్షు పట్టుకోవాలనీ సవరణ వేయండి. వచ్చే ఆదివారమే వేస్తే మంచిది.

ఆ కుర్రాడు మొన్న ఒక ఫొటో పంపాడు. వెనక రాయి మీద ఇంకా అరచేయంత పచ్చదనం ఉంది, దాని పక్కనే గోరంత గులాబీ మచ్చ. "అక్కా, ఇది గీకనా, వద్దా?" అని అడిగాడు. వద్దన్నాను.

ఇట్లు,
మీ పత్రిక పాఠకురాలు